నల్లరాయి తెల్లబోయినది: నంద్యాల, ఆళ్లగడ్డ ఛాయాచిత్రములపై ఒక విమర్శ

ఛాయాచిత్రము అబద్ధమాడదని లోకములో ఒక నమ్మకము కలదు. చిత్రకారుడు తన ఊహను కొంత కలిపి బొమ్మ గీయును గాని, కెమేరా తన యెదుట నున్నదానిని ఉన్నట్లే పట్టునని చాలమంది అభిప్రాయము. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినపుడు మేజర్ టెన్నెంట్ బృందము గుంటూరులో దానిని ఫోటోలు తీసినది. కొన్ని నిమిషములలో మాయమైపోయిన ఆ దృశ్యమును శాస్త్రజ్ఞులు తరువాత తీరికగా పరిశీలింపగలిగిరి. అక్కడ ఫోటో నమ్మదగిన సాక్షిగా నిలిచినది.

కాని సాక్షి చూచినదేమి, ఎక్కడ నిలిచి చూచినాడు, ఎంత వెలుగులో చూచినాడు అని విచారింపనిదే న్యాయస్థానము సాక్ష్యమును అంగీకరింపదు. ఫోటో విషయములోను అంతే. నంద్యాల 2022 ఏప్రిల్ 4వ తేదీన ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఆ జిల్లా వింతలను చూపు ఫోటోలు, వీడియోలు నేడు లెక్కకు మిక్కిలిగా వెలువడుచున్నవి. వానిలో మహానంది కోనేరు, అహోబిలపు కొండలు, బెలుం గుహలు, ఆళ్లగడ్డ శిల్పుల విగ్రహములు తరచుగా కనిపించును. పాఠశాలల గోడపత్రికలకు ఎక్కునవి, విద్యార్థులు తమ ప్రాజెక్టు పుస్తకములలో అంటించునవి ఇవియే. అందమైన చిత్రములు వీనిలో కొరవలేదు. అయినను కొన్ని దోషములు మరల మరల కనిపించుచున్నవి. అవి కెమేరా వెలకు సంబంధించిన దోషములు కావు. వేల రూపాయల కెమేరాతో తీసినవానిలోను, చేతిలోని సెల్‌ఫోనుతో తీసినవానిలోను అవి సమానముగానే ఉన్నవి.

నల్లరాతి విగ్రహము బూడిదరంగగుట

ఆళ్లగడ్డ శిల్పుల పేరు రాతిపనికి ప్రసిద్ధము. అక్కడి నల్లరాతి విగ్రహమును పగటివేళ దగ్గర నిలిచి చూచినవాడు మొదట గమనించునది దాని నిండైన నలుపు. ఆ నలుపులో కనురెప్ప, పెదవి అంచు, హారములోని పూసలు సన్నని మెరుపుగీతలుగా తెలియవచ్చును. అదే విగ్రహమును ఫోటోలో చూచినపుడు రాయి పాలిపోయి, సిమెంటుతో పోతపోసిన బొమ్మవలె కనిపించును. నలుపు పోయినది; దానితో మెరుపు కూడ పోయినది. ఊరికి రాకుండగనే ఫోటో చూచి విగ్రహమును గూర్చి ఒక నిర్ణయమునకు వచ్చువారు నేడు కలరు. అట్టివారి దృష్టిలో నెలల తరబడి ఉలి పట్టిన శిల్పి శ్రమ ఒక్క క్షణములో చవుకబారిపోవును.

దీనికి కారణము కెమేరాలోని కాంతిమాపకము. అది వస్తువునుండి పరావర్తనము చెంది వచ్చు కాంతిని కొలుచును గాని, ఆ వస్తువు స్వభావమును ఎరుగదు. వెలుగులోనున్న నల్లరాయి, నీడలోనున్న తెల్లగోడ ఒకే పరిమాణముగల కాంతిని పంపవచ్చును. రెంటికిని భేదము తెలియని యంత్రము ఒక ఊహను ఆశ్రయించును. లోకములోని సగటు వస్తువు తనపై పడిన కాంతిలో సుమారు 18 శాతము వెనుకకు పంపునని దాని ఊహ. ఆ సగటు వస్తువు మధ్యరకపు బూడిదవన్నెగా ఫోటోలో వచ్చునట్లు అది లెక్క చూచుకొనును. చట్రము నిండ నల్లరాయి ఉన్నయెడల, వెలుగు చాలలేదని తలచి ఎక్కువ కాంతిని లోనికి రానిచ్చును. అప్పుడు నలుపు బూడిదయగును. సున్నము కొట్టిన తెల్లని గోపురము ఎదురైన, వెలుగు మిక్కుటమైనదని తలచి తగ్గించును. అప్పుడు తెలుపు కూడ బూడిదయగును.

ఇది మాటలతో నమ్మవలసిన విషయము కాదు. తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒక నల్లని పలక, ఒక తెల్లకాగితము, పాలిషు పెట్టని బూడిదవన్నె బేతంచెర్ల నాపరాయి ఒకటి తీసికొని కిటికీ దగ్గర ఒకే వెలుగులో ఉంచవలెను. మూడింటిని వేరువేరుగా, ప్రతిదియు చట్రము నిండునట్లు, కెమేరా తనంతట తాను నిర్ణయించుకొను పద్ధతిలో ఫోటో తీయవలెను. మూడు ఫోటోలును చాలవరకు ఒకే బూడిదరంగుగా వచ్చును. తరువాత మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి ఒకే ఫోటో తీసిన, ఏది నలుపో ఏది తెలుపో స్పష్టమగును. మొదటి మూడు ఫోటోలలో పొరపాటుపడినది కన్ను కాదు, మాపకమని విద్యార్థికి తెలియును.

దోషము తెలిసిన తరువాత చికిత్స సులభము. కెమేరాలలో వెలుగును హెచ్చించు, తగ్గించు గుర్తులు కలవు. ఒక్కొక్క మెట్టు కాంతిని రెట్టింపు గాని సగము గాని చేయును. నల్లరాతికి ఒక మెట్టు గాని ఒకటిన్నర మెట్టు గాని తగ్గింపవలెను. తెల్లగోపురమునకు ఒక మెట్టు హెచ్చింపవలెను. చాల సెల్‌ఫోనులలో తెరమీద విగ్రహమును వ్రేలితో తాకినయెడల ఒక సూర్యుని గుర్తు కనిపించును. దానిని క్రిందికి జరిపిన చాలును. బూడిదవన్నె నాపరాయిని విగ్రహము ప్రక్కన పెట్టి, దాని వెలుగును కొలిచి, అదే కొలతతో విగ్రహమును తీయుట మరియొక మార్గము.

ప్రమాణము చెడుట

రెండవ దోషము మరింత సూక్ష్మమైనది. మన శిల్పి ప్రతిమను తాలమానము ప్రకారము చెక్కును. ముఖము పొడవు ఒక తాలము. నవతాల ప్రమాణమున నిలువెత్తు దానికి సుమారు తొమ్మిది రెట్లుండును. ఈ కొలత తప్పిన ప్రతిమను సంప్రదాయము అంగీకరింపదు. శిల్పి ఇంత శ్రద్ధతో నిలిపిన ప్రమాణమును ఫోటో తీయువాడు ఒక అడుగు ముందుకు వేసి చెరిపివేయుచున్నాడు.

సెల్‌ఫోనులోని ముఖ్యమైన కటకము విశాలమైన దృశ్యమును చూచునది. దానితో ముఖమును చట్రము నిండ పట్టవలెనన్న మిక్కిలి దగ్గరకు పోవలెను. ముక్కు కొన కెమేరాకు 30 సెంటీమీటర్ల దూరమున, చెవులు అంతకు 12 సెంటీమీటర్లు వెనుకగా ఉన్నవనుకొందురు గాక. ముక్కు 30, చెవులు 42 సెంటీమీటర్ల దూరమున నున్నవి. దూరమునుబట్టి బొమ్మ పరిమాణము తగ్గును గనుక, చెవులతో పోల్చగా ముక్కు 1.4 రెట్లు పెద్దదిగా కనిపించును. అదే మూడు మీటర్ల దూరమునుండి తీసిన, ఈ హెచ్చు 1.04 రెట్లు మాత్రమే. అనగా నూటికి నలుబది పాళ్ల తప్పు నాలుగు పాళ్లకు దిగును. కాబట్టి రెండు మూడు మీటర్లు వెనుకకు పోయి, దూరదృశ్యమును పట్టు కటకముతో తీయుట యుక్తము. కెమేరాను విగ్రహము నడుము ఎత్తున, నిటారుగా పట్టవలెను. నేలమీద కూర్చుండి పైకి ఎత్తి తీసిన చిత్రములలో పాదములు పెద్దవై, శిరస్సు చిన్నదై దేవతామూర్తి ఠీవిగా కనిపించునని కొందరందురు. ఠీవి మాట ఎట్లున్నను, అది శిల్పి చెక్కిన మూర్తి మాత్రము కాదు.

మధ్యాహ్నపు సూర్యుడు దోషి యగునా?

మధ్యాహ్నము ఫోటో తీయరాదు, ఉదయము, సాయంకాలము మాత్రమే తీయవలెనని ఒక సూత్రము ప్రచారములో నున్నది. ఈ సూత్రమును గుడ్డిగా అనుసరించుట కూడ విమర్శింపదగినదే.

నంద్యాల సుమారు 15.5, ఆళ్లగడ్డ సుమారు 15.1 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నవి. అందుచేత మే మొదటి దినములలోను, ఆగస్టు రెండవ వారములోను ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. పగలు మిక్కిలి చిన్నదగు డిసెంబరు దినమున కూడ మధ్యాహ్నము అతడు 51 డిగ్రీల ఎత్తుననే ఉండును. ఇట్టి ఎండలో నిలువు విగ్రహమునకు కనుబొమ్మల నీడ కన్నులను, ముక్కు నీడ పెదవులను కప్పును. కాబట్టి పూర్తి విగ్రహముల విషయమున సూత్రము సరియైనదే. ఆ వేళ తీయక తప్పనిచో విగ్రహమును నీడలోనికి చేర్చి, ఒక ప్రక్క తెల్లని పంచెను పరచి పట్టుకొనిన, దానిపై పడిన వెలుగు తిరిగి ముఖముపై మృదువుగా ప్రసరించును. దీనికి కర్చు లేదు.

గోడమీది లోతు తక్కువ చెక్కడములకు, శాసనములకు మాత్రము ఈ సూత్రము తలక్రిందులగును. చెక్కడము కనిపించుటకు కారణము దాని నీడ. వెలుగు ఉపరితలమును ఎంత ఏటవాలుగా రాచుచు పోవునో, నీడ అంత పొడవగును. ఒక మిల్లీమీటరు లోతుగల అక్షరపు అంచు 45 డిగ్రీల వెలుగులో ఒక మిల్లీమీటరు నీడను, 15 డిగ్రీల వెలుగులో 3.7 మిల్లీమీటర్ల నీడను ఇచ్చును. మే మొదటి వారమున తూర్పు గోడమీద నున్న శాసనమును ఉదయము 8 గంటలకు తీసినయెడల సూర్యకిరణములు దాదాపు ఎదురుగా పడి, అక్షరములు గోడలో కలిసిపోవును. సూర్యుడు నడినెత్తికి వచ్చుటకు ఒక గంట ముందు, అనగా గడియారము సుమారు 11 గంటల 15 నిమిషములు చూపువేళ, కిరణములు ఆ గోడను 15 డిగ్రీల ఏటవాలున రాచును. అప్పుడు అరిగిపోయిన అక్షరము కూడ చదువుటకు వీలగును. నేలమీది బండపైనున్న శాసనమునకు మాత్రము ఉదయము గాని సాయంకాలము గాని తగిన సమయము. ఎండ తగులని చోట ఒక టార్చిలైటును గోడప్రక్కగా పట్టినను ఇదే ఫలితము. శాసనములపై సుద్ద రుద్ది, నీరు చల్లి ఫోటో తీయు అలవాటు రాతికి హాని. వెలుగు దిక్కును మార్చుట తెలిసినవానికి ఆ అవసరమే లేదు.

నీటి చిత్రములు

ఎగువ అహోబిలమున, వానలు కురిసిన తరువాత, కొండచరియలనుండి జారు నీటిధారలను ఫోటో తీయనివారు అరుదు. ఈ చిత్రములలో చాలవరకు నీరు పాలవలె, దూదివలె కనిపించుచున్నది. షట్టరును ఒక సెకనువరకు తెరచియుంచుటవలన ఇట్లగును. ఇది చూచుటకు హాయిగా నుండును. అయితే అన్ని జలపాతములును ఒకే తీరుగా కనిపించును. నీరు ఎంత వేగముగా పడుచున్నది, ఏ బండను తాకి ఎట్లు చిట్లుచున్నది అను విషయము ఆ చిత్రమునుండి తెలియరాదు.

మూడు మీటర్ల ఎత్తునుండి పడిన నీటిబొట్టు వేగము, గాలి నిరోధమును లెక్కింపనిచో, సెకనుకు సుమారు 7.7 మీటర్లు. షట్టరు సెకనులో 60వ వంతు తెరచియున్న ఆ బొట్టు సుమారు 13 సెంటీమీటర్ల గీతయగును. 1000వ వంతు తెరచియున్న ముప్పాతిక సెంటీమీటరు మాత్రమే కదలి, బొట్టుగానే కనిపించును. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు ఈ గీత పొడవును కొలిపించి నీటి వేగమును విద్యార్థులచేత కట్టింపవచ్చును. అప్పుడు ఫోటో అలంకారము కాక పాఠమగును.

మహానంది కోనేటి చిత్రములలో దోషము వేరు. ఆ నీటి ప్రత్యేకత నిర్మలత్వము. అడుగున పడిన నాణెము పైకి తెలియును. ఫోటోలలో మాత్రము కోనేరు ఆకాశమును, గోపురమును చూపు అద్దమైపోవుచున్నది. నీటి ఉపరితలమునుండి పరావర్తనము చెందిన కాంతి, ఉపరితలమునకు 37 డిగ్రీల ఏటవాలున చూచినపుడు, పూర్తిగా ధ్రువితమై యుండును. కటకము ముందు ధ్రువణ ఫలకము నొకదానిని అమర్చి మెల్లగా త్రిప్పిన, ఒకానొక స్థానమున ఆ తళుకు తొలగి అడుగు కనిపించును. ఫలకము కాంతిలో సగమునకు పైగా ఆపివేయును గనుక షట్టరు కాలమును అందుకు తగినట్లు పెంచవలెను. ఫలకము లేనివారు నల్లగొడుగును అడ్డు పట్టి, ఆకాశపు ప్రతిబింబమును కొంత తగ్గింపవచ్చును. నీటి అడుగు వక్రీభవనమువలన పైకి తేలినట్లుండును. నిలువుగా చూచిన, నాలుగడుగుల లోతు మూడడుగులుగా తోచును. లోతును ఫోటోనుబట్టి నిర్ణయింపరాదను హెచ్చరిక ఈతరాని పిల్లలకు తప్పక చెప్పవలెను.

బెలుం గుహలలో

బెలుం గుహలు సున్నపురాతిలో నీరు తొలిచిన సొరంగములు. వాని పొడవు 3 కిలోమీటర్లకు పైబడినది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీనిని గూర్చి వ్రాసెను. 1980 తరువాతి సంవత్సరములలో జర్మను గుహాన్వేషకులు కొలతలు తీసిరి. ఇట్టి శాస్త్రీయ ప్రాముఖ్యముగల చోట తీయు ఫోటోలలో సాధారణముగా ఎదుటనున్న మనిషి ముఖము తెల్లగా వెలుగుచుండును. వెనుక గుహ చీకటి.

ఫ్లాషు చేయు పని ఇది. కాంతి తీవ్రత దూరపు వర్గమునుబట్టి తగ్గును. రెండు మీటర్ల దూరమున పడు వెలుగులో నాలుగు మీటర్ల దూరమున నాలుగవ వంతు, ఎనిమిది మీటర్ల దూరమున పదునారవ వంతు మాత్రమే పడును. గుహ గోడ ఎట్లు కనిపించును? ఫ్లాషును ఆర్పి, అక్కడి దీపముల వెలుగునే వాడుకొనుట మేలు. రంధ్రమును పెద్దదిగా తెరచి, షట్టరు కాలమును పెంచి, చాలనిచో ఐ.ఎస్.ఓ. సంఖ్యను హెచ్చింపవలెను. సంఖ్య హెచ్చినకొలది బొమ్మమీద ఇసుక చల్లినట్లు రవ్వలు కనిపించును గనుక అది చివరి ఉపాయము. చాల సెల్‌ఫోనులలో రంధ్రము మారదు; మారునవి తక్కిన రెండే.

షట్టరు కాలము పెరిగినపుడు చేతివణకు చిత్రమును చెరుపును. 50 మిల్లీమీటర్ల కటకమునకు సెకనులో 50వ వంతు, 200 మిల్లీమీటర్ల కటకమునకు 200వ వంతు కంటె ఎక్కువ కాలము చేతితో పట్టి తీయరాదని అనుభవజ్ఞుల లెక్క. అంతకు మించినపుడు కెమేరాను ముక్కాలిపీటమీదనో, కటకటాలమీదనో ఆనించవలెను. దీపముల రంగు రాతికి అంటుటవలన సున్నపురాయి అసలు వన్నె మరుగుపడును. ముందుగా ఒక తెల్లకాగితమును ఆ వెలుగులో చూపి తెలుపును సరిచేసికొనవలెను. పరిమాణము తెలియుటకు ఒక అడుగుబద్దనో, మనిషినో ప్రక్కన చూపుట శాస్త్రీయ చిత్రమునకు ప్రాణము. కొలత లేని గుహ ఫోటోలో అరచేతి గుంట కూడ సొరంగమువలె కనిపింపగలదు.

వీడియోల సంగతి

సంక్రాంతి దినములలో మొదలై నెలకు పైగా పల్లెపల్లెకు సాగు అహోబిల నరసింహస్వామి పారువేట ఉత్సవము వీడియోకు మంచి విషయము. వీనిని తీయువారి శ్రద్ధ మెచ్చుకొనదగినది. ఒక తరము పాటలు, వాద్యములు, వేషములు మరియొక తరమునకు ఇట్లు అందును. కాని రెండు లోపములు కన్నులను బాధించుచున్నవి.

మొదటిది, రాత్రి దృశ్యములలో వెలుగు రెపరెపలాడుట, నల్లని పట్టెలు పైకి క్రిందికి పాకుట. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. అందుచే చాల దీపముల వెలుగు సెకనుకు 100 మార్లు హెచ్చి తగ్గుచుండును. షట్టరు కాలము 60వ వంతుగా ఉన్న, ఒక్కొక్క చిత్రములో ఒక్కొక్క పరిమాణముగల వెలుగు పడును. దానిని 50వ వంతుగా గాని 100వ వంతుగా గాని మార్చిన, ప్రతి చిత్రములోను పూర్తి ఆవర్తనములే ఇముడును గనుక రెపరెప నిలిచిపోవును. సెకనుకు 25 చిత్రములు, 50వ వంతు షట్టరు అనునది మన దీపములకు సరిపోవు జంట; కదలిక కూడ సహజముగా కనిపించును.

రెండవది, కెమేరాను అటునిటు విసురుట. ఒక వస్తువు తెర ఒక అంచునుండి రెండవ అంచునకు చేరుటకు ఏడు సెకనులు పట్టునట్లు మెల్లగా త్రిప్పవలెనని చలనచిత్ర ఛాయాగ్రాహకులు పాటించు నియమము. పల్లకి తానే కదలుచుండగా కెమేరాను కదల్పకుండుట ఇంకను మేలు.

సాక్ష్యము, కల్పన

వెలుగును మార్చుటయే తప్పైనచో 1957లో వెలువడిన మాయాబజార్ చిత్రములో మార్కస్ బార్‌ట్లే కృత్రిమ దీపములతో కురిపించిన వెన్నెల మాటేమి అని ప్రశ్నింపవచ్చును. అది కల్పన. ప్రేక్షకుడు కల్పన అని తెలిసియే ఆనందించును. ఆ ఛాయాగ్రాహకునకు ప్రతి దీపము ఎక్కడ, ఎందుకు ఉన్నదో తెలియును. ఇక్కడ విమర్శకు గురియైన చిత్రములలో మార్పు జరిగినట్లు తీసినవానికే తెలియదు. చూచువాడు దానిని యథార్థమని నమ్మును. తెలిసి చేసిన కల్పన కళ కావచ్చును. తెలియక చేసిన కల్పన తప్పుడు సాక్ష్యమే.

విగ్రహము ఊరు విడిచి దూరదేశపు గుడికి పోవును. శాసనము ఎండకు వానకు అరిగిపోవును. ఉత్సవము ఏటేట కొంత మారును. మిగులునది ఫోటో ఒక్కటే. కాబట్టి జిల్లాలోని పాఠశాలలు తమ పరిసరముల ఫోటోలను సేకరించునపుడు ప్రతి ఫోటో వెనుక తేది, గంట, స్థలము, కెమేరా ఏ దిక్కునకు చూచుచున్నది, ఎంత దూరమునుండి తీసినది, వెలుగును ఎన్ని మెట్లు మార్చినది అను ఆరు విషయములు వ్రాయించుట మంచిది. ఆ ఆరును వ్రాయగల విద్యార్థి తీసిన సాధారణమైన చిత్రము, వ్రాయలేనివాడు తీసిన సుందరమైన చిత్రము కంటె రేపటి చరిత్రకారునకు ఎక్కువ ఉపకరించును. నల్లరాయిని నల్లగా చూపుట నేర్చినవాడు ఛాయాగ్రహణములో మొదటి మెట్టు ఎక్కినట్లే.